రెండో కొస పట్టినవాడు

నేను ఒక సరుగుడు బాదుని. పన్నెండడుగుల పొడవు, పిడికిలికి పట్టనంత లావు, ఒంటినిండా ఎరుపూ తెలుపూ పట్టీలు. గుర్రాలు దూకే పోటీల్లో అడ్డంగా పడుకోవడం నా ఉద్యోగం. తెలుగులో బాదు అంటే నాలాంటి కర్ర. బాదు అంటే కొట్టు అని కూడా. ఈ రెండు అర్థాలనూ ఒకే మాటలో పెట్టినవాడు ఎదురైతే నిలదీయాలని ఉంది. ఎందుకంటే ఆ రెండో అర్థాన్ని నా చేత చేయించారు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. పోవాలని కూడా లేదు.

నేను పుట్టింది చీరాల పక్క ఇసుకలో. ఐదేళ్ళు సముద్రం గాలికి ఊగాను. ఆరో ఏడు గొడ్డలి వచ్చింది. లారీలో హైదరాబాదు చేరి, కడుతున్న మేడకు ఊతకర్రనయ్యాను. పదకొండు అంతస్తులు నా మీద నిలబడే కట్టారు. కట్టినవాళ్ళలో ఒక్కరు కూడా ఆ మేడలో ఉండరు. గృహప్రవేశం నాటికి నన్ను విప్పి వెనకవైపు పారేశారు. మనుషుల మీద నాకు మొదటిసారి అనుమానం వచ్చింది అప్పుడే.

ఊరి బయట గుర్రపుస్వారీ నేర్పే క్లబ్బు ఒకటి మా గుట్టలోంచి ఇరవై బాదులను ఏరి కొనుక్కుంది. ఈశ్వరయ్య అనే ముసలాయన మాకు రంగులు వేశాడు. నాకు తెల్ల పట్టీ వేస్తూ తనలో తాను నవ్వుకున్నాడు.

"నువ్వు కింద పడితే గుర్రానికి నాలుగు తప్పులంట. పడేది నువ్వు, తప్పు దానిది. మంచి లెక్కనే!"

ఆయన అన్నది నిజమే. రెండు పక్కలా రెండు స్తంభాలుంటాయి. వాటికి లోతు తక్కువ ఇనుప కప్పులు తగిలిస్తారు. నా రెండు కొసలూ ఆ కప్పుల్లో ఊరికే ఆని ఉంటాయి. గుర్రం కాలు తగిలితే నేను దొర్లి పడాలి. కావాలనే అలా పెడతారు, గుర్రానికి దెబ్బ తగలకూడదని. పడిపోవడమే నా మంచితనం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

ఆ క్లబ్బులో గుర్రాలను చూసుకునేవాడు జంగయ్య. పక్కనే ఉన్న తుమ్మలకుంట మనిషి. అతనికి చుక్క అనే సొంత గుర్రం ఉండేది. ఎర్రటి ఆడగుర్రం, నుదుట తెల్లని మచ్చ. అది పెండ్లి గుర్రం. ఊరేగింపులో పెళ్ళికొడుకును మోసేది, డప్పు మోగితే నిలబడ్డచోటే కాళ్ళు మార్చి మార్చి ఆడేది. పెళ్ళికొడుకులు పైకప్పు లేని జీపులు ఎక్కడం మొదలుపెట్టాక చుక్కకు పని లేకుండా పోయింది. జంగయ్య క్లబ్బులో చేరేటప్పుడు ఒకే ఒక్క మాట అడిగాడు. చివరి కొట్టంలో తన గుర్రాన్ని కట్టేసుకోనివ్వాలని. సరే అన్నారు. ఆ కొట్టానికీ మా బాదుల గుట్టకూ మధ్య ఒక గోడ మాత్రమే.

జంగయ్య కూతురు నవనీత. తుమ్మలకుంట బడిలో చదివేది. సాయంత్రం బడి విడిచాక వచ్చి లద్ది ఎత్తి, చుక్కను తోమి, నా మీద కూర్చుని నోటుబుక్కులో రాసుకునేది. మాట కావలసిన చోట తల ఊపే పిల్ల. క్లబ్బు పిల్లలు ఏదైనా అడిగితే చెప్పుల వైపు చూసేది. కానీ రాసిందంతా చుక్కకు మెల్లగా చదివి వినిపించేది. "ఇయ్యాల నువ్వు బెల్లం తిన్నవు, నా వేలు గూడ కొరికినవు, రాసిన చూడు." చుక్క చెవులు తిప్పేది. ఆ పిల్ల మాట్లాడగలదని మా ఇద్దరికే తెలుసు.

సోమవారం క్లబ్బుకు సెలవు. ఆ రోజు నవనీత నన్ను రెండు ఇటుకల మీద పెట్టి, జీను లేకుండానే చుక్క ఎక్కి దూకించేది. తరవాత మూడు ఇటుకలు. తరవాత నాలుగు. తగిలితే దిగి, ఏ కాలు తగిలిందో చూసి రాసుకునేది. నేర్పినవాళ్ళు లేరు. కంచె అవతల నుంచి మిగతా పిల్లల పాఠాలు చూసి నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి నన్ను ఆమె ఛాతీ ఎత్తున పెడితే చుక్క పిల్లిలా దాటేది.

కోచ్ శశిధర్ సార్ ఒక సోమవారం ఏదో మరిచిపోయి క్లబ్బుకు వచ్చి అది చూశాడు. మర్నాడు అందరి ముందూ "ఈ అమ్మాయిని నేను కనిపెట్టాను" అన్నాడు. రెండేళ్ళుగా ఆ అమ్మాయి రోజూ ఆయన గుర్రం లద్దే ఎత్తుతోంది. అప్పుడు కనబడలేదు. పోటీ కాగితంలో చుక్క పేరు కూడా మార్చాడు. "చుక్క ఏంటి చీపుగా? మార్నింగ్ స్టార్ అని రాయండి." రాశారు. చుక్కకు ఆ పేరు ఎవరూ చెప్పలేదు.

మొదటి పోటీ నగరంలో పెద్ద మైదానంలో జరిగింది. మా క్లబ్బు బాదులనే అరువిచ్చారు కాబట్టి నేనూ వెళ్ళాను. నవనీత వేసుకున్న కోటు ఎవరిదో. చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. ఆమె లోపలికి రాగానే పక్కన బ్యాండువాళ్ళు డ్రమ్ము మొదలుపెట్టారు. అంతే. చుక్క నిలబడ్డచోటే మెడ వంచి, కాళ్ళు మార్చి మార్చి ఆట మొదలుపెట్టింది. జనం పగలబడి నవ్వారు. కంచె మీద కూర్చున్న మా క్లబ్బు పిల్లవాడొకడు అరిచాడు.

"ఏయ్ బరాత్ గుర్రం! పెళ్ళికొడుకేడీ?"

గంట మోగింది. ముప్పావు నిమిషంలో మొదలుపెట్టాలి. నవనీత ముఖం ఎర్రబడింది. వంగి గుర్రం చెవిలో ఏదో అంది. నేను మొదటి అడ్డం కాబట్టి నాకు వినబడింది.

"ఇది పెండ్లి గాదే తల్లీ, పరీక్ష. పెండ్లికొడుకు లేడు. నేనే ఉన్న. నడువు."

నడిచింది. నడిచిందేమిటి, ఆ డ్రమ్ము దెబ్బకే అడుగులు కలుపుకొని వచ్చింది. నా మీదుగా దాటుతుంటే వెనక డెక్క నన్ను చిన్నగా గీరింది. నేను కప్పులో అటూ ఇటూ ఊగి నిలబడ్డాను. మూడో బహుమతి వచ్చింది. నవ్విన నోళ్ళే "మా క్లబ్బు గుర్రం" అన్నాయి. మనుషుల నోరు నా కప్పుకన్నా లోతు తక్కువ.

తరవాత రెండేళ్ళు ఎత్తు పెరుగుతూ పోయింది. మీటరు, మీటరు పది, మీటరు ఇరవై. పతకాలు క్లబ్బు అద్దాల బీరువాలో పెట్టారు. తుమ్మలకుంట బడిలో ఒకరోజు ప్రార్థన దగ్గర నవనీతను నిలబెట్టి చప్పట్లు కొట్టించారట. "నాకు కాళ్ళు వణికినయి, గుర్రం మీద వణకలే" అని రాసుకుంది. ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ ఏడు జాతీయ పోటీలకు వెళ్ళే జట్టులో చుక్కతో కలిసి ఉండాలి. నోటుబుక్కు మొదటి పేజీలో ఆ ఒక్క వాక్యమే ఉంది, చుట్టూ గీత గీసి.

అయితే ఎత్తు పెరిగేకొద్దీ చుక్క వెనకకాళ్ళు నాకు తగలసాగాయి. ఐదారు దూకుళ్ళకు ఒకసారి నేను పడేవాణ్ణి. నవనీత తొందరపడలేదు. "వెనకకాళ్ళకు బలం చాలట్లే. గుట్ట ఎక్కిస్తే వస్తది. మూడు నెలలు" అని రాసుకుంది. రోజూ పొద్దున బడికి ముందు చుక్కను తుమ్మలకుంట గుట్ట మీదికి నడిపించేది.

శశిధర్ సార్‌కు మూడు నెలల ఓపిక లేదు. రాష్ట్ర పోటీ పది రోజుల్లో ఉంది.

ఒక మధ్యాహ్నం, నవనీత బడిలో ఉన్న వేళ, ఆయన చుక్కకు జీను వేయించాడు. ఇంకో పిల్లవాణ్ణి ఎక్కించాడు. నన్ను స్తంభాల మీద పెట్టించి, జంగయ్యను పిలిచాడు.

"నువ్వా కొస పట్టుకో. గుర్రం మీదికి లేచినప్పుడు నేను అప్ అంటా. ఇద్దరం ఒకేసారి జానెడు పైకి లేపాలి. కాళ్ళకు గట్టిగా తగలాలి."

జంగయ్య కదల్లేదు. "సార్, దాంతోని దానికి దెబ్బ తాకుతది గద."

"దెబ్బ కాదు జంగయ్యా, పాఠం. రెండుసార్లు తగిలితే మూడోసారి కాళ్ళు ముడుచుకుంటుంది. నీ కూతురి కోసమే కదా."

"బిడ్డకు దెలుస్తే నా మొకం జూడదు సార్."

"ఎలా తెలుస్తుంది? బడిలో ఉందిగా." ఆయన చివరి కొట్టం వైపు ఒకసారి చూసి అన్నాడు. "ఆ కొట్టం కోసం ఇద్దరు మెంబర్లు అడుగుతున్నారు. నేనే ఆపుతున్నా."

జంగయ్య వచ్చి నా కొస పట్టుకున్నాడు. అతని అరచేయి చెమటతో తడిసి ఉంది. రెండో కొస శశిధర్ సార్ పట్టుకున్నాడు. ఆయన వేలికి మందపాటి ఉంగరం ఉంది. పట్టు బిగించేసరికి దాని అంచు నా తెల్లరంగును చీల్చి లోపలి చెక్కలోకి దిగింది.

చుక్క వచ్చింది. నన్ను ఎరిగినట్టే వచ్చింది. ఇటుకల మీద ఉన్నప్పటి నుంచీ నేను దానికి తెలుసు. తగిలితే పడిపోతాను, నొప్పి ఉండదు, అని నమ్మి లేచింది. "అప్!" అన్న కేక. నన్ను పైకి విసిరారు. పడవలసిన నేను లేచాను. రెండు వెనకకాళ్ళ ఎముకల మీద ఠక్కున తగిలాను. చుక్క అరవలేదు. గుర్రాలు నొప్పికి అరవవు. అందుకే కదా వీళ్ళ ఆటలు సాగేది.

ఏడుసార్లు చేశారు. ఏడుసార్లూ నా చేత. చెట్టుగా ఉన్నప్పుడు తుపాను నన్ను నేలకు వంచింది, తప్పుపట్టలేదు. గొడ్డలి నరికింది, అది దాని పని. కానీ ఇది? ఎవరికీ దెబ్బ తగలకూడదని పెట్టిన కర్రతోనే కొట్టి, దానికి పాఠం అని పేరు పెట్టడం! పాఠం అయితే పిల్ల బడిలో ఉన్నప్పుడు చూసి ఎందుకు చెప్పాలి?

రాష్ట్ర పోటీలో చుక్క నాకు మూరెడు పైనుంచి దాటింది. కళ్ళు తెల్లబడి, చెవులు వెనక్కి వాలి, నన్ను చూస్తేనే ఎగిరింది. ఒక్క తప్పు లేదు. మొదటి బహుమతి. పేపర్లో ఫోటో. శశిధర్ సార్ గుర్రం మెడ మీద చేయి వేసి నవ్వుతున్నాడు. నవనీత పక్కకు చూస్తోంది. అందరూ సంబరపడుతుంటే నేను మాత్రం కప్పుల్లో పళ్ళు కొరుక్కుంటూ ఉన్నాను. కర్రకు పళ్ళుంటాయా అనకండి.

పోటీ అయిన సాయంత్రమే చుక్క కాళ్ళు కడుగుతూ నవనీత ఆగిపోయింది. తడిసిన వెంట్రుకలు తొలగించి చూస్తే రెండు వెనకకాళ్ళ మీదా మానుతున్న గాట్లు, గాట్లలో ఎర్ర రంగు పొడి. వేళ్ళతో కొలిచింది. నోటుబుక్కులో బొమ్మ గీసింది. జంగయ్య గడ్డిమోపుతో వచ్చేసరికి ఆమె నా మీదే కూర్చుని ఉంది.

"నాయినా, చుక్క కాళ్ళకు ఈ రంగెట్లంటింది?"

"దుంకినప్పుడు తాకింటది బిడ్డా."

"నేను దుంకించినప్పుడు ఏది తాకినా రాసిపెట్టిన. ఎప్పుడు తాకినా ఒక్క కాలే. ఇది రెండు కాళ్ళకు గిట్టమీద నాలుగు వేళ్ళ ఎత్తుల, ఒక్క తీరుగ, గీత గీసినట్టుంది."

జంగయ్య మోపు దించలేదు. నెత్తిమీద అలాగే పెట్టుకొని గుర్రం కాళ్ళ వైపు చూశాడు.

"ఒక కొస నేనే పట్టిన బిడ్డా."

"ఇంకో కొస?"

"ఆయిననే."

ఆమె ఏడవలేదు. అతణ్ణి తిట్టలేదు. "గెలిచింది నేను గాదు మల్ల" అంది. ఆ మాటకు జంగయ్య మోపు జారిపోయింది.

మర్నాడు ఆమె శశిధర్ సార్ దగ్గరికి వెళ్ళి నిలబడింది. అంత పిరికి పిల్ల. "చుక్కను నేను లేకుండ ఎవ్వరు దుంకియ్యొద్దు సార్" అంది. ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండానే "సరే సరే, సెలక్షన్ మీద మనసు పెట్టు" అన్నాడు.

జట్టును ఎంచే పోటీ మా క్లబ్బు మైదానంలోనే జరిగింది. ఆ పొద్దున నవనీత కోటు వేసుకోవడానికి వెళ్ళిన పది నిమిషాల్లో ఆయన ఇంకోసారి పాఠం చెప్పాలనుకున్నాడు. జంగయ్యను పిలిచాడు. జంగయ్య రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"నాతోని గాదు సార్. నా చేతులు నరుకుండ్రి."

ఆయన తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. జంగయ్యను నేను క్షమించింది ఆ క్షణంలోనే.

కానీ ఆలస్యమైపోయింది. నన్ను చివరి అడ్డానికి పైబాదుగా పెట్టారు. చుక్క తొమ్మిది అడ్డాలు దాటి వచ్చింది, ఒక్కటీ పడలేదు. ఇంకొక్కటి దాటితే జట్టులో పేరు. నా ముందు పది అడుగుల దూరంలో అది ముందుకాళ్ళు నేలలో గుచ్చి ఆగిపోయింది. ఒళ్ళంతా వణికింది. నన్ను గుర్తుపట్టింది. పందొమ్మిది బాదుల మధ్య నన్నే గుర్తుపట్టింది. మనుషులకన్నా దానికి లెక్క బాగా వచ్చు.

"కొట్టు! కర్రతో కొట్టి తీసుకురా!" కంచె దగ్గరి నుంచి శశిధర్ సార్ కేకలు.

ఆమె చేతిలో చిన్న బెత్తం ఉంది. దాని వైపు చూసింది, నా వైపు చూసింది. గుర్రం దిగింది. దిగితే పోటీ అయిపోయినట్టే, ఆమెకు తెలుసు. గంట మోగింది. నోటుబుక్కు మొదటి పేజీలో గీత గీసిన వాక్యం అక్కడితో కొట్టుకుపోయింది. బెత్తం కింద పారేసి, వచ్చి, నన్ను కప్పుల్లోంచి ఒక్కతే తీసి నేలమీద పెట్టింది. చుక్కను మెల్లగా నా దాకా నడిపించి వాసన చూపించింది. గుర్రాల డాక్టరమ్మ పరుగున వచ్చి కాళ్ళు పట్టి చూసింది, ముఖం ముడుచుకుంది. నవనీత కోటు జేబులోంచి నోటుబుక్కు తీసి ఆమె చేతిలో పెట్టింది.

వారం తరవాత విచారణ. పోటీలు జరిపే సంఘం నుంచి ముగ్గురు పెద్దమనుషులు వచ్చి చెట్టు కింద కుర్చీల్లో కూర్చున్నారు. శశిధర్ సార్ చాలా బాధగా చెప్పాడు. "నాకు తెలియకుండా జరిగింది. చదువులేని మనిషి. కూతురు గెలవాలన్న ఆశతో ఒక్కడే చేసి ఉంటాడు."

జంగయ్య తల వంచుకున్నాడు. "పట్టింది నిజమే సార్. నేను ఒక్కణ్ణి గాదు."

"ఇంకెవరు?"

అతని నోట పేరు రాలేదు. ఏళ్ళ తరబడి సార్ అన్న నోరు అది.

అప్పుడు నవనీత లేచింది. పెద్దమనుషుల వైపు చూడలేదు. నేరుగా వచ్చి నన్ను స్తంభాల మీద పెట్టి, "నాయినా, లేపు" అంది. జంగయ్య తన కొస లేపాడు. రెండో కొస లేపేవాళ్ళు లేరు. నేను ఒక తట్టకే బరువు పెట్టిన తక్కెడలా ఒరిగి, రెండో పక్క కప్పులోంచి జారి నేలమీద పడ్డాను. బతుకులో ఇంత ఇష్టంగా ఎప్పుడూ పడలేదు.

"చూసిండ్రు గద సార్," ఆమె నా వైపు వేలు చూపించింది. "ఒక్కడు లేపితే గిట్ల ఒరుగుతది. ఒక కాలికి పైన తాకుతది, ఇంకో కాలికి తాకనే తాకది. చుక్కకు రెండు కాళ్ళకు సమానంగ తాకింది. బుక్కుల కొలిచి రాసిన. రెండో కొస పట్టినోడు ఒకడున్నడు."

ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒకాయన "తెలివైన పిల్ల" అన్నాడు. శశిధర్ సార్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. నేను వాళ్ళ కాళ్ళ దగ్గరే పడి ఉన్నాను. నా కొస మీద ఆ ఉంగరపు గాటు ఆకాశం వైపు తిరిగే ఉంది. ఒక్కరు వంగి చూస్తే చాలు. ఆ మధ్యాహ్నం గుర్రం ఎక్కిన పిల్లవాణ్ణి కూడా ఎవరూ పిలిచి అడగలేదు. టీ వచ్చింది. తాగారు. వెళ్ళారు.

నెల తరవాత వచ్చిన కాగితాన్ని నవనీత నా మీద కూర్చునే చదివింది. "సదరు జంగయ్య, మరియొక గుర్తుతెలియని వ్యక్తి కలిసి గుర్రమును హింసించినట్లు రుజువైనది." జంగయ్య ఉద్యోగం పోయింది. పోటీల్లో గుర్రం ఎక్కింది ఆమే కాబట్టి నవనీతను ఏడాది పోటీలకు రానివ్వరు. గుర్తుతెలియని వ్యక్తి మాత్రం మరుసటి ఆదివారం పిల్లలకు పాఠం చెబుతూ కనబడ్డాడు. గుర్తుతెలియని వాడట! వాడి గుర్తు నా ఒంటిమీద ఉంది.

నన్ను పొయ్యిలోకి పంపమన్నారు. చుక్కను విప్పుకొని వెళ్ళే రోజున జంగయ్య కాపలావాడితో "ఈ ఒక్క కట్టె నాకియ్యి" అన్నాడు. ఒక కొస అతని భుజం మీద, ఇంకో కొస నవనీత భుజం మీద, వెనక చుక్క. తుమ్మలకుంట దాకా నడిచాం.

ఇప్పుడు వాళ్ళ ఇంటి వెనక చెలకలో ఉన్నాను. నవనీత కొడవలితో నా రంగంతా గీకేసింది. చుక్క భయపడకూడదని. ఉంగరపు గాటున్న చోట జానెడు మాత్రం గీకలేదు. ఆమె చూసింది. ఆమె ఒక్కతే చూసింది. దాని మీద చిన్న గుడ్డ చుట్టి పెట్టింది, ఎప్పటికైనా ఎవరికైనా చూపించడానికి.

మొదటి రెండు నెలలు నన్ను నేలమీదే పరిచారు. చుక్క వచ్చి వాసన చూసి వెనక్కి తిరిగేది. ఎవరూ అదిలించలేదు. మూడో నెలలో ఒక పొద్దున, అవతల పచ్చగడ్డి కనబడి, తనంతట తానే నా మీదుగా అడుగు వేసింది. జంగయ్య కండువా నోట్లో కుక్కుకున్నాడు. నవనీత నోటుబుక్కు తీసింది.

నా కోపం తగ్గలేదు. శశిధర్ సార్ ఇప్పుడు ఇంకో క్లబ్బులో ఉన్నాడని, అక్కడి గుర్రాలు చాలా ఎత్తు దూకుతున్నాయని మొన్న ఎవరో చెప్పుకుంటూ పోయారు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాలో ఎండిన నార చిట్లుతుంది.

నవనీతకు పెట్టిన గడువు వచ్చే నెలతో తీరిపోతుంది. పోటీ కాగితం తెప్పించుకుంది. గుర్రం పేరు అన్న చోట చుక్క అని రాసింది. శిక్షకుడి పేరు అన్న చోట కాసేపు కలం ఆపి, జంగయ్య అని రాసింది. అతను వద్దన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

రోజూ పొద్దున ఒక కొస అతను పట్టుకుంటాడు. ఇంకో కొస ఆమె పట్టుకుంటుంది. ఇద్దరూ కలిసి నన్ను పైకి లేపుతారు. ఒక్క ఇటుక ఎత్తు. తరవాత చేతులు వదిలేసి దూరంగా జరుగుతారు. చుక్క వస్తుంది. తగిలితే నేను పడతాను.